సివిల్ డిప్లొమా చేస్తానంటున్నాడు మా అబ్బాయి, వాళ్ల నాన్న వద్దంటున్నారు

ఉద్దానం కోడలు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. మా ఆయన రాడ్ బెండింగ్ మేస్త్రీ, హైదరాబాద్‌లో ఉంటారు. నేను ఊళ్లో డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తుంటాను. అబ్బాయిది ఈ ఏడు పదో తరగతి. పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి సివిల్ డిప్లొమా తీసుకుంటాను, తర్వాత బీటెక్, కుదిరితే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చేస్తాను అని పట్టుబట్టి కూర్చున్నాడు. వాళ్ల నాన్నకి ఆ మాట వింటేనే కోపం. "కంప్యూటర్ తీసుకో, లేదంటే ఎలక్ట్రికల్ తీసుకో, అదీ కాకపోతే ఇంటర్‌లో చేరు. సిమెంటు జోలికి మాత్రం పోకు" అంటారు. రోజూ ఫోన్లో ఇదే గొడవ.

మా సంగతి కొంచెం చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మాకున్న జీడితోట, కొబ్బరి చెట్లు పడిపోయాయి. మళ్లీ మొక్క పెట్టి అది కాపుకొచ్చేదాకా ఏం తిని బతకాలి? మా వీధిలో చాలా ఇళ్లకి తాళాలు పడ్డాయి. మేమూ పిల్లాడిని మా అమ్మ దగ్గర వదిలి పలాసలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మా ఆయనకి రాడ్ పని అప్పటికే వచ్చు. నేను తట్టలు అందించాను, బైండింగ్ వైరుతో రాడ్లు కట్టాను, స్లాబులకి నీళ్లు కొట్టాను. పిల్లాడు హైస్కూలుకి వచ్చాక నేను ఊరికి వచ్చేశాను. కాబట్టి ఇది బంగారం లాంటి లైను అని ఎవరైనా చెప్తే నమ్మేసే మనిషిని కాదు. మే నెలలో స్లాబు మీద నిలబడితే చెప్పుల్లోంచి వేడి ఎలా ఎక్కుతుందో నాకు తెలుసు. అసలే మా ఉద్దానం కిడ్నీ జబ్బుల ప్రాంతం. ఎండలో పని అంటే మాకు ఇంకో భయం కూడా ఉంటుంది.

పోయిన వేసవి సెలవులకి పిల్లాడిని వాళ్ల నాన్న సైటుకి పిలిపించుకున్నారు. రేకుల క్యాంపు, ఆ ఉక్క, స్నానానికి లైను చూస్తే బుద్ధొస్తుందని ఆయన ఆలోచన. అది తిరగబడింది. అక్కడ ఎవరో ఇంజనీరు బాబు సాయంత్రాలు వీడిని ఆఫీసు కంటెయినర్లో కూర్చోబెట్టి డ్రాయింగ్ చదవడం చూపించాడట. బీమ్‌కి చివర్లలో రింగులు దగ్గర దగ్గరగా, మధ్యలో ఎడంగా ఎందుకు వేస్తారు, పైన రాడ్డుకి, కింద రాడ్డుకి పని ఎలా వేరు, ఇలాంటివన్నీ. వీడు ఊరొచ్చాక ఇంట్లో వాసాలు, స్తంభాలు చూసి కూడా అదే గోల.

వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న లెక్క ఒకటి ఉంది. రాడ్డు మందం ఎన్ని ఎంఎం అయితే దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం అయితే 0.89, 16 ఎంఎం అయితే 1.58. ఆ లెక్క వీడికి ఎక్కాల్లా నోటికి వచ్చు. మా ఆయనకి టన్నుల మీద డబ్బులు ఇస్తారు. ఒకసారి బిల్లు తగ్గినట్టు అనిపించింది గానీ ఎక్కడ తగ్గిందో ఆయనకి అందలేదు. కాగితం ఫొటో తీసి పంపితే, అతుకుల దగ్గర రాడ్డు మీద రాడ్డు వేసే పొడవు, స్లాబులో పై జాలీ, అంటే పైన అల్లే రాడ్ల వల, కింద పెట్టే చైర్ రాడ్లు లెక్కలో వేయలేదని వీడు ఇక్కడినుంచే పట్టుకున్నాడు. కాంట్రాక్టరు మొత్తం ఇవ్వలేదనుకోండి, కొంత ఇచ్చాడు.

దాంతోనైనా మెత్తబడతారనుకున్నాను. "అదే చెప్తున్నాను, ఇంత తెలివున్నోడు సైటుకి ఎందుకు?" అన్నారు. ఆయన వాదన తీసిపారేసేది కూడా కాదు. "స్లాబు పోసే రోజు రాత్రంతా ఆ ఇంజనీరు కూడా నాతోనే నిలబడతాడు. నాకు డబుల్ కూలి, వాడికి టీ" అంటారు. ఇక మా ఆడపడుచు అయితే "మేస్త్రీ కొడుకు మళ్లీ ఇనుములోకేనా వదినా, రేపు పిల్లనెవరిస్తారు" అని తేల్చేసింది.

నాకు ఒకటి అనిపిస్తుంది. మేము ఇన్నేళ్లు ఆ పనిలోనే ఉన్నా దాన్ని కిందనుంచే చూశాం. మేస్త్రీ, సూపర్‌వైజరు, సైట్ ఇంజనీరు, అక్కడితో ఆగిపోయింది. ఆ పైన మేనేజరు అంటే ఓనరు గారి చుట్టమేమో అని మా ఆయన ఇప్పటికీ అనుకుంటారు! స్లాబు ఏ రోజు పోయాలి, ఇనుము ఎంత తెప్పించాలి అని ఎవరో ఒకరు నిర్ణయిస్తారు కదా, దానికి చదువు ఉందని మాకు పిల్లాడు చెప్పేదాకా తట్టలేదు.

ఈ లైన్లో ఉన్నవాళ్లు దాపరికం లేకుండా చెప్పండి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ ఉద్యోగంలో ఏం చేస్తారు? వాళ్ల నాన్న సంపాదన దాటడానికి ఎన్నేళ్లు పడుతుంది? మేస్త్రీ కొడుకు అంటే ఆఫీసులో చిన్నచూపు చూస్తారా?

---

బొబ్బిలి ప్లానింగ్:

అక్కా, బావగారి మాటే ముందు నిజం అని చెప్తాను. డిప్లొమా అయ్యాక నా మొదటి జీతం 12 వేలు. అదే సైటులో రాడ్ కట్టే అతను నెలంతా పనిచేస్తే నాకు రెండింతలు పట్టుకెళ్లేవాడు. నేను అతనికి పని చెప్పేవాడిని, నెలాఖరుకి అతని దగ్గరే చేబదులు తీసుకునేవాడిని. తర్వాత డిప్లొమా వాళ్లకి పెట్టే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. ఇప్పుడు ఒక రోడ్డు ప్యాకేజీలో ప్లానింగ్‌లో ఉన్నాను. మేస్త్రీ సంపాదన దాటింది ఆ తర్వాతే. మీ అబ్బాయికీ ఉద్యోగంలో చేరాక నాలుగైదేళ్లు పడుతుందనుకోండి. ఈ సంగతి ముందే చెప్పకపోతే వాడు మధ్యలో విసిగిపోతాడు.

ఏం చేస్తారు అని అడిగారు కదా. గురువారం స్లాబు పోయాలి అనుకోండి. దానికి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. కాంక్రీటు ప్లాంటుకి ఎన్ని క్యూబిక్ మీటర్లో ముందే చెప్పాలి, పంపు ఖాళీగా ఉందో లేదో చూడాలి. కింద జాలీ అయ్యాక, పై జాలీ కట్టకముందు కరెంటు పైపులు వేసేవాళ్లు రావాలి. వాళ్లు ఒక పూట ఆలస్యం చేస్తే బావగారి మనుషులు ఖాళీగా కూర్చుంటారు, ఆ కూలి ఎవరి మీద పడాలని గొడవ. షట్టరింగ్ లెవెల్ చూడాలి, కన్సల్టెంటు వచ్చి రాడ్లు చూసి పోర్ కార్డు, అంటే కాంక్రీటు పోయొచ్చనే అనుమతి కాగితం, మీద సంతకం పెట్టాలి. అన్నీ అయ్యాక వాన పడుతుంది. మళ్లీ మొదటికి. ఇది ఒక్క స్లాబు. ఇలాంటివి వందలు ఒకదాని మీద ఒకటి పడకుండా, డబ్బు అయిపోకుండా నడిపించడమే ఆ ఉద్యోగం. ఎండలో కొంత, కంటెయినర్లో ఎక్సెల్ షీట్ల ముందు కొంత. ఫోన్లలో మాత్రం చాలా.

అబ్బాయికి బిల్లులో చైర్ రాడ్లు కనపడ్డాయంటే బిల్లింగ్ అనే శాఖ ఉందని చెప్పండి. క్వాంటిటీ సర్వే అంటారు. ఎన్ని టన్నులు, ఎన్ని మీటర్లు, ఎవరికెంత ఇవ్వాలి అనేదంతా అక్కడే తేలుతుంది. పెద్ద కంపెనీల్లో ఆ పని బాగా వచ్చినవాడిని వదులుకోరు.

కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ నేర్పే నిక్మార్ లాంటి కాలేజీలో పీజీ గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. పుణెలో ఉంది, హైదరాబాద్ శామీర్‌పేటలోనూ ఉంది, ఫీజు లక్షల్లో ఉంటుంది. బీటెక్ అయ్యాక రెండేళ్లు సైటులో చేసి, అప్పుడు అవసరమనిపిస్తే వెళ్లొచ్చు.

---

సోంపేట మేస్త్రీ:

చెల్లెమ్మా, నీ పెనిమిటి చెప్పిందే రైటు. నేను సెంట్రింగ్ మేస్త్రీని. చెన్నై, బెంగళూరు, మస్కట్ అన్నీ తిరిగాను. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల బిల్డింగు కూలి 61 మంది పోయారు. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు అందులో ఎంతమందో. ఆ ఏడు మా పక్క ఊరికి శవపెట్టెలు వచ్చాయి. మా ఇంట్లో ఆడవాళ్లు అప్పటినుంచీ సైటు అంటే వద్దంటారు. ఇంజనీరు అయినా కూలీ అయినా స్లాబు కింద ఉన్నోడు ఉన్నట్టే కదా.

మా పెద్దోడికి ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేయించాను. వాడికి ఇప్పుడు నాకంటే తక్కువే వస్తోంది, అయినా నిద్రపడుతోంది నాకు.

చిన్నచూపు అన్నావు గదా. నీ కొడుక్కి పని తెలిస్తే మేస్త్రీలందరూ వాడి మాట వింటారు. రింగు ఎలా వంచుతారో తెలీని ఇంజనీరు మాట ముందర "సరే సార్" అంటాం, వెనక్కి తిరిగాక మాకు నచ్చినట్టు చేస్తాం. అది మాత్రం చెప్తున్నాను.

---

వైజాగ్ బావ:

కంప్యూటర్ తీసుకున్నోళ్లే ఖాళీగా కూర్చున్నారు ఇక్కడ. మా తమ్ముడు వాళ్లలో ఒకడు. ఏ బ్రాంచి అయినా చదివేవాడి మీద ఉంటుంది, వదిలెయ్యండి వాడిని.

---

రాజాం టు డాలస్:

అక్కా, మీ పోస్టు చదువుతుంటే ఇక్కడ నేను రోజూ చూసే ఇళ్లే గుర్తొచ్చాయి. రాజాంలో బీటెక్ సివిల్ చేసి, అమెరికా వచ్చి కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ చేశాను. టెక్సస్‌లో ఒక కంపెనీలో ప్రాజెక్ట్ ఇంజనీరుని. ఇక్కడ సైటు పని ఎక్కువగా చేసేది హిస్పానిక్ వాళ్లు. అంటే మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. 2020 ప్రభుత్వ లెక్కల్లో దేశం మొత్తం ఉద్యోగుల్లో వీళ్లు 18 శాతానికి కొంచెం తక్కువ, నిర్మాణ రంగంలో మాత్రం 30 శాతం. పైకప్పులు వేసేవాళ్లు, గోడ బోర్డులు బిగించేవాళ్లలో అయితే సగానికి పైనే. మా ఆఫీసు మీటింగుకి వెళ్తే మాత్రం ఆ ముఖాలు ఒకటీ అరా కనపడతాయి.

మా కంపెనీ వాళ్లు ఏటా హైస్కూళ్లలో కెరీర్ నైట్ పెడితే నేనూ వెళ్తుంటాను. బల్ల మీద హెల్మెట్, డ్రాయింగులు, డ్రోన్ పెట్టుకుని కూర్చుంటాం. హిస్పానిక్ పిల్లలు చాలామంది డ్రోన్ చూసి దగ్గరికి వస్తారు, బోర్డు మీద కన్‌స్ట్రక్షన్ అని చూసి వెనక్కి తగ్గుతారు. "మా నాన్న చేసేదే కదా" అంటారు. ఎండ, మురికి, నడుం నొప్పి, చదువు రానివాళ్లు చేసే పని అనే వాళ్ల బుర్రలో ఉంది. ఇందులో నాలుగేళ్ల డిగ్రీ ఉందని విననివాళ్లే ఎక్కువ. స్కూల్లో కౌన్సెలర్లు కూడా నర్సింగ్, బిజినెస్, కంప్యూటర్ గురించి చెప్పినంత దీని గురించి చెప్పరు.

తల్లిదండ్రులది ఇంకో రకం. తమ పని అంటే సిగ్గుపడరు. కారులో వెళ్తూ "ఆ ఆసుపత్రి నేను కట్టాను" అని పిల్లలకి చూపిస్తారు. పిల్లలు మాత్రం అందులోకి రాకూడదు. "నా నడుం విరిగింది నీ నడుం విరగకూడదనే" అన్న మాట నేను ఎంతమంది నోటో విన్నాను. తల్లులు ముందు అడిగేది పైనుంచి పడిపోతారా అని, రెండోది కాలేజీ ఇంటికి ఎంత దూరం అని. జీతం గురించి అడిగేసరికి చాలాసేపు పడుతుంది. సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్న తండ్రులు కొందరు వేరుగా ఉంటారు. వాళ్లకి కొడుకు రావాలనే ఉంటుంది, కానీ డిగ్రీ ఎందుకు, నా దగ్గరే నేర్చుకుంటాడు కదా అంటారు.

ఒక సంగతి చెప్పాలి. ఒక అమ్మాయి, పదహారేళ్లుంటాయి, మా బల్ల దగ్గర ఆగింది. వాళ్ల నాన్న గోడ బోర్డుల పని చేయిస్తాడు, ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. కొటేషన్లు, బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు, బిల్డరుతో ఫోన్లు అన్నీ ఈ పిల్లే చూస్తుంది, రాత్రి భోజనాలయ్యాక అదే బల్ల మీద. నువ్వు చేస్తున్నదే ఈ ఉద్యోగం అంటే నవ్వింది. తనకి అది ఇంటి పని, అంట్లు తోమినట్టు. మీ అబ్బాయి రాడ్ల బిల్లు చదివితే నాకు ఆ పిల్లే కళ్ల ముందు నిలబడింది.

ఆ కెరీర్ నైట్‌లో తండ్రులు మెత్తబడేది మా బ్రోషర్లు చూసి కాదు. మాతో ఒక సూపరింటెండెంటు, అంటే సైటు మొత్తం నడిపించేవాడు, వస్తాడు, పదిహేడేళ్లకి కూలీగా మొదలుపెట్టి పైకొచ్చిన మెక్సికన్. ఆయన స్పానిష్‌లో మాట్లాడుతుంటే వాళ్లు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. కంపెనీలకీ అలాంటివాళ్లు కావాలి. పనివాళ్లకి భద్రత శిక్షణ వాళ్లకి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలని ఇక్కడ ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమం. రెండు భాషలూ వచ్చిన మేనేజరుకి విలువ ఉంటుంది.

అలా అని ఇక్కడి లెక్క అక్కడికి తెచ్చి మీకు ఆశ పెట్టను. అమెరికాలో 2023లో కన్‌స్ట్రక్షన్ మేనేజర్ల మధ్యస్థ జీతం ఏడాదికి లక్ష డాలర్లు దాటింది, కూలీలది అందులో సగం కూడా లేదు. కాబట్టి ఆ తండ్రులకి తేడా చూపించడం తేలిక. మన దగ్గర కుర్ర ఇంజనీరు కంటే మేస్త్రీకే ఎక్కువ వస్తుంది. బావగారు తెలియక వద్దంటున్నారని నేను అనుకోను. ఆయన చూసిన ఇంజనీర్లంతా పాతికేళ్ల కుర్రాళ్లే అయ్యుంటారు. నలభై ఐదేళ్ల ప్రాజెక్ట్ మేనేజరు ఇల్లు, జీతం స్లిప్పు ఆయన ఎప్పుడూ చూసి ఉండరు.

---

విజయనగరం క్యూసీ:

అక్కా, నేను విజయనగరంలో పాలిటెక్నిక్ చేశాను, సివిల్. మా క్లాసులో అమ్మాయిలు తక్కువ. ఇప్పుడు క్వాలిటీలో ఉన్నాను. మా నాన్న తాపీ మేస్త్రీ. నేను సివిల్ అంటే ఆయన ఏమీ అనలేదు, మా అమ్మే మూడు రోజులు అన్నం తినలేదు.

చిన్నచూపు ఉంది, లేదని చెప్పను. కొత్తలో "మేస్త్రీ గారమ్మాయి" అని నవ్వేవారు. కాంక్రీటు దిమ్మల బలం చూసే క్యూబు టెస్టులు, 7 రోజులవి, 28 రోజులవి, నా రిజిస్టరు చూశాక ఆగింది. సోంపేట బాబాయి చెప్పిన కూలిన బిల్డింగు గురించి ఒక మాట. నేను రోజూ కొట్లాడేది జాకీలు, సపోర్టులు ముందే తీయొద్దని. స్లాబు స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరం, నాలుగున్నర మీటర్ల లోపు అయితే ఏడు రోజులు, దాటితే పద్నాలుగు అని కాంక్రీటు పనుల ప్రమాణాల పుస్తకం ఐఎస్ 456లో ఉంది. పై అంతస్తుకి సామాన్లు కావాలని నాలుగో రోజే తీసేద్దామంటారు. సంతకం నాది, కాబట్టి కుదరదంటాను. బాబాయి లాంటి మేస్త్రీలు నా పక్కన నిలబడితే ఆ పని తేలికవుతుంది, ఎదురు నిలబడితే నరకం.

పనివేళలు మాత్రం దారుణం. పెళ్లయ్యాక మా అత్తగారు సర్దుకోవడానికి చాలా టైము పట్టింది. అబ్బాయిలకి ఆ బాధ కొంచెం తక్కువ.

---

ఉద్దానం కోడలు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలు. రాత్రి ఆయన ఫోన్ చేసినప్పుడు మొత్తం చదివి వినిపించాను. సోంపేట అన్నయ్యది విని "చూశావా" అన్నారు. బొబ్బిలి తమ్ముడి 12 వేలు విని ఇంకా గట్టిగా "చూశావా" అన్నారు. డాలస్ తమ్ముడు చెప్పిన అమ్మాయి దగ్గర మాత్రం ఆపించి, ఆ భాగం రెండోసారి చదవమన్నారు. తర్వాత చాలాసేపు బిల్లింగ్ గురించే అడిగారు. "టన్నులు రాసేవాడు ఆ కంటెయినర్లో ఉన్న కళ్లద్దాలాయనేనా? అతను ఇంజనీరా? గుమస్తా అనుకున్నాను" అన్నారు. ఇన్నేళ్లూ తన డబ్బులు లెక్కగట్టినవాడు ఏం చదివాడో ఆయన ఎన్నడూ అడగలేదు!

ఒప్పుకున్నారని చెప్పలేను. సరే రాయనీ, మంచి ర్యాంకు వస్తే ప్రభుత్వ కాలేజీలో అయితేనే, డబ్బు కట్టి ప్రైవేటులో మాత్రం చేర్చను అన్నారు. ఇంకో షరతు, సెలవుల్లో సైటుకి రానివ్వరట. అక్కడ తాను బూతులు తినడం పిల్లాడు చూశాడని, మళ్లీ చూడకూడదని ఆయన బాధ. ఇది ఆయన నాతో ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు. నేను అనుకున్న కారణాల్లో అసలు ఇది లేనే లేదు.

పిల్లాడికైతే షరతులేవీ వినపడలేదు, "రాయనీ" ఒక్కటే వినపడింది. పాత పాలిసెట్ పేపర్లు ముందేసుకుని కూర్చున్నాడు.

విజయనగరం చెల్లీ, మీకు తెలిసి ఉంటే చెప్పండి. శ్రీకాకుళం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటు వస్తే బీసీ హాస్టల్ దొరకడం ఎలా ఉంటుంది? మా ఊరి నుంచి రోజూ వెళ్లి రావడం కుదరదు. విజయనగరంలో అయితే మా చిన్నమ్మ ఇల్లు ఉంది గానీ, ఆవిడ ఇంట్లో ఇప్పటికే ఇద్దరు మనవలు చదువుకుంటున్నారు.